గేలం చేప

గోపాల్‌పూర్ లైట్‌హౌస్ ఇంకా కళ్ళు తెరవలేదు.
బోర్లించిన తెప్ప మీద పీట వేసి
పీట మీద అరిటాకు పరిచాను.
పెద్దమ్మ ఎర్రమ్మ దూరం నుంచే నవ్వింది:
"ఏటే గుంటా, ఎవరి దినం పెడతన్నావు?"

రేవులో నన్నందరూ ఎరుగుదురు,
చేపకి బేరమాడని పిచ్చిదని.
ధర అడగను. అడిగేది ఒక్కటే:
ఎలా పట్టారు దీన్ని?
రింగు వల అంటే దండం పెట్టి కదిలిపోతాను.
ట్రాలు అంటే దండం కూడా పెట్టను.
మంగళవారం తెల్లారుజామున
కొర్లయ్య మామ గేలం తాడు చుట్టుకుంటూ
చూపుడువేలికి పడ్డ కోత చూపించాడు.
"ఇలాగ," అన్నాడు.
నాలుగు కానాగంతలు, ఒక కోనెం.
"కోనెం పిల్ల కూడా పడిందమ్మా,
పాలు మరవని నోరు, ఒగ్గేశాను."

భువనేశ్వర్ హోటల్లో మూడేళ్ళు
విమానం దిగిన చేపల్ని కోశాను.
నారింజ రంగు, మెత్తటి ఒళ్ళు,
ఏ నీళ్ళు తాగి పెరిగాయో తెలియదు.
వాటికి తెలుగులో పేరు లేదు, ఒడియాలో లేదు.
పిలవడానికి పేరు లేనిదాన్ని
ఎంత సన్నగా తరిగినా
నా కత్తికి అది పరాయిదే.

ఈ చేపలకైతే నాలుగు రోజులు
ఐసు ఫ్యాక్టరీ గడ్డలో నిద్ర.
తర్వాత గంటసేపు ఉప్పు, అరగంట వెనిగరు.
కానాగంత వీపు మీది నీలిగీతలు
అలాగే ఉన్నాయి, కెరటం రాసిన రాత
చెరిగిపోలేదు.

అన్నంలో వెనిగరు, పంచదార కలుపుతుంటే
పెద్దమ్మకి నచ్చలేదు.
"ఇంట్లో సద్దన్నం ఉండగా
పులుపు కొనుక్కోడమేటే?"
నిజమే పెద్దమ్మా.
ఈ వంట పుట్టింది కూడా
పులిసిన అన్నంలో దాచిన చేపతోనేనట.
నీ గంజికుండకీ ఆ దేశానికీ
ఎప్పుడో చుట్టరికం ఉండే ఉంటుంది.

నల్లకాగితం లాంటి నాచురేకు విప్పాను.
ఆమె వేళ్ళతో నలిపి వాసన చూసింది.
"ఓలమ్మో! వలకంటిన నాచు గీకి గీకి
నా గోళ్ళరిగిపోనాయి.
దీన్ని డబ్బెట్టి కొన్నావా?"

పచ్చటి ఘాటు ముద్ద ఇక్కడెక్కడ దొరుకుతుంది?
పక్కింటి సుభాసిని మావుసి
ఆవాలు రుబ్బి గిన్నెతో పంపింది.
ముక్కుకెక్కితే చాలు కదా,
ఏ భాషలో ఎక్కితేనేం.

ఆకు మీద వరసగా పేర్చాను.
మధ్యలో నాలుగు వేళ్ళ మేర ఖాళీ.
ముప్పై ఏళ్ళు రేవులో వేలంపాట పాడిన కళ్ళు
ముందు ఆ ఖాళీనే పట్టుకున్నాయి.
"రొయ్యేదే?"
"లేదు పెద్దమ్మా."
"రేవులో కుప్పలుగా ఉంటే?"
"తాబేళ్ళు వచ్చే నెలలు కదా."

ఆమె చాలాసేపు మాట్లాడలేదు.
ఋషికుల్య మొగ వైపు చూసింది.
ఆ ఏడాది నాకు తొమ్మిదేళ్ళు.
వలలో ఊపిరాడక చచ్చిన తాబేళ్ళు
ఒడ్డు పొడవునా బోర్లించిన బుట్టల్లా.
లెక్కపెట్టమని మమ్మల్ని తీసుకెళ్ళిన మాస్టారు
రెండొందల దగ్గర ఆపి
బడికి సెలవిచ్చేశాడు.

"ఆ వల రొయ్యలకి,"
అంది పెద్దమ్మ, ఇసకతో చెప్పినట్టు,
"పాట నానే పాడినాను.
మంచి రేటొచ్చింది."

నేనేమీ అనలేదు. ఆవముద్ద కొంచెం అద్ది
కానాగంత ముక్క చేతికిచ్చాను.
నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.
ఏ చేప కనబడ్డా
చీర కుచ్చిళ్ళ చాటున రేటు లెక్కగట్టే ఆమె వేళ్ళు
ఒడిలో ఊరికే పడి ఉన్నాయి.
ముక్కు ఎర్రబడింది, నీళ్ళు తిరిగాయి.
ఆవ ఘాటే అనుకున్నాను.
అలాగే అనుకోనిచ్చింది.

"ఉప్పు సాల్లేదు," అంది చివరికి,
ఇంకోదానికి చెయ్యి చాస్తూ.

కొర్లయ్య మామ వచ్చాడు, గేలం బుట్టతో.
ఆకు చూశాడు, నన్ను చూశాడు.
"ఉడికింది ఏటీ లేదా?"
ఇంట్లో తలకాయల పులుసు మరుగుతోంది మామా,
ముల్లు కూడా పారేయలేదు.

అప్పుడు తిరిగింది లైట్‌హౌస్ దీపం.
ఆకు మీదా, ఖాళీ మీదా
ఒకేలా పడి
నీళ్ళ మీదికి వెళ్ళిపోయింది.